లేని లైను

11 ఫిబ్రవరి 2002, సోమవారం

ఎరువుల దుకాణం లింగం ఇచ్చిన డైరీ ఇది. నెల సంది సంచిలనే పడున్నది. ఇయ్యాల ఎందుకో రాయబుద్ధయింది.

గుల్నాజ్ మా కాలేజిల చేరింది. నా ల్యాబులనే, అసిస్టెంట్‌గ. ప్రిన్సిపాల్ బుల్లిబాబు సార్‌కు నేనే చెప్పిన, "నా స్టూడెంట్ సార్, మంచి పిల్ల" అని. 98ల మేడ్చల్ బస్టాండ్ కాడ కంప్యూటర్ సెంటర్ల సాయంత్రాలు పాఠాలు చెప్తుంటి గద, అప్పుడు షామీర్‌పేట నుంచి బస్సుల వచ్చి నేర్చుకునేది. మౌస్ పట్టుకునుడు గూడ నేనే నేర్పిన. తర్వాత దూరవిద్యల డిగ్రీ చేసింది.

వాళ్ల నాయిన షఫీయుద్దీన్ ద్రాక్ష తోటలు గుత్తకు పడ్తడు. ఒక అట్టపెట్టె నిండ ద్రాక్ష పంపిండు. "ఉస్తాద్‌కు ఇయ్యిమన్నడు సార్" అన్నది. ల్యాబుల అందరి ముందట అన్నది.

మస్తు సంతోషమైంది.

18 ఫిబ్రవరి

కరెంటు రెండుసార్లు పోయింది. సర్వర్ రెండుసార్లు పడ్డది. యూపీయస్ బ్యాటరీలు పావుగంట గూడ ఆగుతలేవు. అరవై కంప్యూటర్లు ఆ ఒక్క సర్వర్ మీదనే నడుస్తయి. అది పడి లేస్తే డిస్కు మొత్తం మూల మూల తడుముకుంటది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నేను క్యాంటీన్ల చాయ్ తాగుత. సర్వర్ పెట్టినప్పటి సంది, రెండేండ్లాయె, అదే నడుస్తున్నది.

గుల్నాజ్ చాయ్‌కు రాలే. నేను వాపస్ వచ్చేసరికి తెర ముందటనే కూసోని ఏదో రాసుకుంటున్నది.

"సార్, కరెంటు వోయినప్పుడల్ల గింతసేపు ఎందుకు?"

"గంతే."

"గంతేనా సార్?"

"గంతే."

27 ఫిబ్రవరి

గుల్నాజ్ కోఠిల పాత పుస్తకాల కాడ కొన్న పత్రికతోని ఒక సీడీ వచ్చిందట. కొత్త లైనక్స్ కెర్నెల్, అంటే కంప్యూటర్‌ను లేపి నడిపే అసలు ప్రోగ్రాం, ఉన్నది అందుల. డిస్కు మీద ఫైళ్లు సదిరిపెట్టే కొత్త రకం ఫైల్‌సిస్టమ్ గూడ ఉన్నదట. చేసే పని చేసేముందే ఒక చిట్టీల రాసిపెట్టుకుంటదట. కరెంటు పోయినా ఆ చిట్టీ చూసుకోని అరనిమిషంల లేస్తదట.

నేను గూడ చదివిన దాని గురించి. పోయినేడే చదివిన. చెయ్యలే అంతే.

ఆ పిల్ల ఇంగ్లిష్ మనం తెలుగు చదివినట్టు చదువుతది. నేను వేలు పెట్టుకోని చదువుత. పదోతరగతి దాక తెలుగు మీడియం మరి.

5 మార్చి, మంగళవారం

బుల్లిబాబు సార్ ల్యాబుకు వచ్చిండు. కరెంటు పోతే అరనిమిషంల సర్వర్ లేచే ఉపాయం ఉన్నదని గుల్నాజ్ చెప్పింది. నాకు చెప్పినంకనే చెప్పింది, అబద్ధమెందుకు. కాని చెప్పింది ఆమెనే.

"అరనిమిషంలో లేస్తే మంచిదేగా, దానికింత ఆలోచనేంటి?" అన్నడు సార్.

నేను నోరు తెరిచేలోపే గుల్నాజ్ చెప్పవట్టింది. "సార్, లైనక్స్ లేవంగనే డిస్కును సదవాలె. సదవాలంటే దానికి డ్రైవర్ గావాలె, అంటే డిస్కును నడిపే చిన్న ప్రోగ్రాం. గా డ్రైవరేమో డిస్కు మీదనే ఉన్నది. తాళంచెవి ఇంట్ల వెట్టి బయట తలుపు గుంజుకున్నట్టు. గందుకని గా డ్రైవర్లను ఒక చిన్న మూట గట్టి, లేవకముందే కెర్నెల్ చేతికిస్తం. ఇనిట్-ఆర్డీ అంటరు దాన్ని. మూట ఇప్పుకోని, డిస్కు తెరిచి, ఇగ దాని పని అది జేసుకుంటది."

"అబ్బ! ఎంత తేలిగ్గా చెప్పావమ్మా. ఈ పర్వతాలుని ఏదడిగినా 'అది ప్రాసెస్ సార్' అంటాడు," అన్నడు సార్ నన్ను చూపెట్టి.

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

తర్వాత నేను ఒక మాటన్న. "డ్రైవర్‌ను కెర్నెల్‌లనే కలిపి కడితే గీ మూట పంచాయితే ఉండదు గద?" సరైన మాటనే అది. చాన మంది అట్లనే చేస్తరు.

"నిజమే సార్. కాని రేపు డిస్కు మారిస్తే కెర్నెల్ మొత్తం మళ్ల గట్టాలె. మూటైతే మూటొక్కటే మార్సుకుంటం," అన్నది. మర్యాదగనే అన్నది.

తాళంచెవి ముచ్చట నాకెందుకు తట్టలే? రెండేండ్ల సంది తెలుసు నాకు ఆ సంగతి.

12 మార్చి, శివరాత్రి

కీసరగుట్ట గుడికి పోయినం, నేను, నా ఇంటామె రుక్కమ్మ. లైన్ల మూడు గంటలు నిలవడ్డం. నేను ఏదో చెప్పుకుంట పోతున్న. రుక్కమ్మ కొంగు మొకం మీదికి జరుపుకోని నా దిక్కు చూసింది.

"ఏందయ్యా, పొద్దుగాల్నుంచి గా గుల్నాజ్ పేరు ఎన్నిసార్లు దీసినవో ఎరికేనా?"

"పని ముచ్చట చెప్తున్న."

"పదకొండు సార్లు. లైన్ల ఏం పనిలేక లెక్కవెట్టిన."

ఆడోళ్లకు అన్ని అట్లనే కనబడ్తయి. నాకు గా పిల్ల మీద ఏమున్నది? ఏం లేదు. నా బిడ్డ అసుంటిది.

19 మార్చి

పిల్లలు ల్యాబుల అడుగు పెట్టంగనే "మేడం లేదా సార్?" అని అడుగుతున్నరు. నేను ఎదురుంగనే ఉన్న.

28 మార్చి

నోటీసు బోర్డుల పెట్టిన్రు. జూన్ నుంచి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పోస్టు. ఒక్కటే. ఉన్నోళ్లల్ల నుంచే తీసుకుంటరట.

ఈ కాలేజి రేకుల షెడ్డుల ఉన్నప్పటి సంది ఉన్న నేను. తీగలు గుంజింది నేను. ఎలుకలు కొరికితే మళ్ల గుంజింది నేను.

గుల్నాజ్ నోటీసు చదివి, "మీకే వస్తది సార్" అన్నది.

ఎందుకన్నది అట్ల? వస్తదని తెలిసి అన్నదా, రాదని తెలిసి అన్నదా?

13 ఏప్రిల్, ఉగాది

పచ్చడి చేదుగున్నది. రుక్కమ్మ బాగనే ఉన్నదంటది.

17 ఏప్రిల్

సార్ ఆమెకు పర్మిషన్ ఇచ్చిండు. ఇరవై రెండు తారీకు, సోమవారం నాడు ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షలు. బయటి కాలేజి నుంచి ఎగ్జామినర్ వస్తడు. ఆ నాడు కరెంటు పోతే పరువు పోతదని, దానికి ముందే కొత్త కెర్నెల్ పెట్టమన్నడు. నా దిక్కు చూడకుంటనే చెప్పిండు ఆమెకు.

"పర్వతాలూ, నువ్వు కొంచెం సాయం చెయ్యి," అన్నడు పోతపోత.

సాయం. నేను.

20 ఏప్రిల్, శనివారం

ఆమె మూడు దినాలు కూసోని కెర్నెల్ కట్టింది. డిస్కు డ్రైవర్, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ రెండూ మాడ్యూల్స్‌గనే, అంటే కెర్నెల్‌ల కలపకుంట విడిగ పెట్టింది. మూట గట్టింది. పాత కెర్నెల్‌ను గూడ పక్కకు ఉంచింది, ఏదన్న అయితే పనికొస్తదని. ప్రాజెక్టుల పిల్లలు సాయంత్రం దాక సర్వర్ మీదనే ఉండిరి. రీబూట్ చేసి చూసే సందు దొర్కలే.

"సోమవారం ఏడింటికే వచ్చి రీబూట్ జేసి సూస్త సార్. మీరు జర ఒకసారి సూడుర్రి, ఏమన్న మర్సిపోయిన్నా అని," అన్నది. బస్సుకు టైమైతున్నది. సంచి భుజాన్నే ఉన్నది.

చూసిన. మంచిగనే ఉన్నదని చెప్పిన.

ఎండ ఎక్కువున్నది ఇయ్యాల.

21 ఏప్రిల్, ఆదివారం

శ్రీరామనవమి. పానకం తాగి పండుకున్న. సాయంత్రం ఫోన్ వచ్చింది. గుల్నాజ్. సికింద్రాబాద్‌ల దవఖాన కాడి నుంచి చేసింది. వాళ్ల నాయినమ్మ ఇమాంబీ బాయి కాడ జారి పడ్డదట. తుంటి ఇరిగిందట.

"నేను రేపు రాలేను సార్. రీబూట్ మీరే జేసి సూడుర్రి జర. ఏమన్న అయితె బూట్ అయ్యేకాడ ఇంగ్లిష్ అక్షరాలల్ల 'పాత' అని కొట్టుర్రి. పాత కెర్నెల్ లేస్తది."

"నువ్వేం పరేషాన్ కాకు. నాయినమ్మను చూసుకో," అన్న.

"మీరున్నరని ధైర్యం సార్."

22 ఏప్రిల్, సోమవారం

ఏడింటికి పోవాల్సింది. ఎనిమిది నలభైకి పోయిన.

ఏడున్నరకు పోయిన కరెంటు ఎనిమిదిన్నరకు వచ్చిందట. సర్వర్ దానంతటదే లేవబోయి ఆగిపోయి ఉన్నది. తెర మీద ఆఖరి లైన్లు: రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాలే. కెర్నెల్ పానిక్. అంటే డిస్కు తెరుచుకోక కెర్నెల్ ఆడ్నే ఆగింది. తొమ్మిదింటికి పరీక్ష. బుల్లిబాబు సార్ వరండల ఇటు నుంచి అటు తిరుగుతున్నడు. ఎగ్జామినర్ కుర్చీల కూసోని గడియారం చూస్తున్నడు.

"పర్వతాలూ! ఏంటయ్యా ఇది?"

నేను కూసున్న. ఏం చెయ్యాల్నో నాకు తెలుసు. ఐదు అక్షరాలు కొట్టాలె. కాని నేను కొట్టలే. కేబుల్ తీసి ఊది మళ్ల పెట్టిన. అద్దాలు తుడుచుకున్న. పుస్తకం తెరిచి రెండు పేజీలు తిరగేసిన. పది నిమిషాలు గట్ల చేసిన. సార్ నా ఎనుక నిలవడి ఊపిరి గుంజుకుంట వదుల్తున్నడు. తర్వాత కొట్టిన.

లేచింది. పాతది గద, నలభై నిమిషాలు తడుముకున్నది. పావు తక్కువ పదింటికి పరీక్ష మొదలైంది.

"మా పర్వతాలు లేకపోతే ఇవాళ మా పరువు పోయేదండీ," అన్నడు సార్ ఎగ్జామినర్‌తోని. నా భుజం మీద చెయ్యేసిండు. ఇన్నేండ్లల్ల అదే మొదటిసారి.

తర్వాత రూములకు పిలిచిండు. "కొత్తది పెట్టింది ఆ అమ్మాయేగా? నీకు చూపించకుండానే పెట్టేసిందన్నమాట."

నేను అవునన్లే. కాదన్లే.

క్యాంటీన్ల చాయ్ పైసలు తీసుకోలే.

23 ఏప్రిల్

శనివారం నేను చాన అలసిపోయి ఉన్న. రెండు బ్యాచుల ల్యాబులు అయినంక చూసిన. కండ్లు మంట. ఎవరికైనా కనబడకపోవచ్చు.

24 ఏప్రిల్, బుధవారం

గుల్నాజ్ వచ్చింది. కండ్ల కింద నల్లగైంది. సర్వర్ కాడ నిలవడి, లేచేటప్పుడు ఏది ఎక్కడున్నదో చెప్పే ఫైల్ తెరిచింది, ఒక్క నిమిషం చూసింది, "అల్లా" అన్నది.

కొత్త కెర్నెల్ పేరు రాసింది, దాని జాగ రాసింది, మూట ఎక్కడున్నదో చెప్పే లైను ఒక్కటి రాయలే. మూట గట్టి ఇంట్లనే మర్సిపోయినట్టు. కెర్నెల్‌కు మూట అందలే. డ్రైవర్ లేదు. డిస్కు తెరుచుకోలే.

సార్ రూముల నేను గూడ ఉన్న. సార్ ఉండమన్నడు.

"ఏమ్మా, సీనియర్ ఉన్నాడుగా. ఆయనకి చూపించుకోవాలన్న జ్ఞానం లేదా?"

ఆమె నా దిక్కు ఒక్కసారి చూసింది. చెప్తదనుకున్న. చెప్తే ఏమనాల్నో గూడ తయారు చేసుకున్న: చూసిన సార్, కాని పూర్తిగ చూడలే, టైం లేకుండె.

"నా తప్పే సార్," అన్నది. "రీబూట్ జేసి సూడకుంట వోవుడు నా తప్పు."

అంతే.

మెమో ఇచ్చిన్రు. మే ముప్పై ఒకటి దాకనే నౌకరి, తర్వాత పొడిగియ్యరట. మెమో ఉంటే అనుభవం సర్టిఫికెట్ల గూడ ఆ సంగతి రాస్తరట.

నేను తయారు చేసుకున్న మాట నా నోట్లనే ఉండిపోయింది.

25 ఏప్రిల్

ఎందుకు చెప్పలే? చెప్తే ఏమైతుండె?

గంత ఎత్తుల నిలవడి మాట్లాడాల్సిన పనేంది ఆమెకు. తప్పు గూడ నాకంటే మంచిగ ఒప్పుకుంటది.

26 ఏప్రిల్, శుక్రవారం

మంగళవారం నాడు రాసింది మళ్ల చదివిన. అబద్ధం. ఇది నా డైరీ. దీన్ని నేను తప్ప ఎవరు చూడరు. రుక్కమ్మకు చదువురాదు. దీంట్ల గూడ అబద్ధం రాసుకునే అవసరం ఎందుకొచ్చింది నాకు?

రాస్త.

శనివారం నాడు గుల్నాజ్ కుర్చీల నుంచి లేస్తే నేను కూసున్న. ఫైల్ తెరిచే ఉన్నది. మొత్తం పదిహేను లైన్లు. కొత్త కెర్నెల్ కింద ఇనిట్-ఆర్డీ లైను లేదు. నాకు కనబడ్డది. తడుముకోలే, వెతకలే, తెర మీద కన్ను పడంగనే కనబడ్డది. అలసట లేదు, కండ్ల మంట లేదు. రెండేండ్ల సంది ఆ ఫైల్‌తోని బతుకుతున్న, నాకెట్ల కనబడదు?

కనబడంగనే నాకేమైందో గూడ రాస్త. సంతోషమైంది. 'ఇది గూడ మర్సిపోతదన్నమాట' అనుకున్న. చెప్దామని నోరు తెరిచిన. నిజంగనే తెరిచిన. ఆమె కిటికీల నుంచి బస్సు వస్తున్నదా అని చూస్తున్నది. తాళంచెవి ముచ్చట యాదికొచ్చింది. అందరు నవ్వుడు యాదికొచ్చింది.

"మంచిగనే ఉన్నది. నువ్వు పో," అన్న.

ఏడింటికి వచ్చి ఆమెనే చూసుకుంటది, ఆమెకే తెలుస్తది, కొంచెం సిగ్గుపడ్తది, అంతే అనుకున్న. ఆదివారం ఫోన్ చేసింది గద మరి. అప్పుడు చెప్పొచ్చు. అప్పుడు గూడ చెప్పలే. సోమవారం ఏడింటికి పోయి ఆ ఒక్క లైను నేనే రాస్తే అయిపోవు. ఎనిమిది దాక మంచంల మేల్కొనే ఉన్న.

30 ఏప్రిల్

ఆర్డర్ వచ్చింది. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. జూన్ ఒకటి నుంచి.

రుక్కమ్మ పాయసం వండింది. పక్కింటి విజయమ్మకు గూడ పంపింది.

3 మే, శుక్రవారం

ఇది మొత్తం రాయాలె.

మధ్యాన్నం ల్యాబుల ఎవరు లేరు. పరీక్షలైపోయినయి. గుల్నాజ్ టిఫిన్ డబ్బ తీసుకోని నా బల్ల కాడికి వచ్చింది. "ముబారక్ సార్," అన్నది పోస్టు గురించి. మనసుల నుంచే అన్నది. నేను తల ఊపిన.

"సార్, మీరు వారం సంది నాతోని మాట్లాడుతలేరు. నా మీద కోపమా?"

"కోపమెందుకు?"

"మీరు గూడ లోపట్లోపట పరేషాన్ అయితున్నరని నాకెరుక." కుర్చీ గుంజుకోని కూసున్నది. "సార్‌కు మీ పేరు ఎందుకు సెప్పలేదంటే, సెప్తే మీకు గూడ మెమో ఇస్తుండె. ఒక్క తప్పుకు ఇద్దరికెందుకు? మీకు ఇల్లున్నది, సంసారమున్నది. నేనైతే యాడనన్న సూసుకుంట."

నేను కీబోర్డు పక్కకు జరిపిన.

"మీదేం తప్పు లేదు సార్. మీకు గూడ కనవడలే, అంతే. గీ మూట పద్ధతి మీకు కొత్త గద. మీరు ఎప్పుడు డ్రైవర్లను కెర్నెల్‌లనే కలిపి కడ్తరు. అసుంటి మనిషికి ఒక్క లైను లేకుంటే ఎట్ల కనవడ్తది? నేనే కూసోవెట్టి సమ్జాయించాల్సింది మీకు."

ఓదారుస్తున్నది. నన్ను. మౌస్ పట్టుకునుడు నేర్పినోన్ని, చిన్న పోరగానికి చెప్పినట్టు. తెల్వనోనివి, నీ తప్పు కాదు అని.

"ఏంది కొత్త?" అన్న. నా గొంతు నాకే గట్టిగ ఇనబడ్డది. "ఎవరికి కొత్త? నువ్వు షామీర్‌పేట బస్సుల టికెట్ కొనుక్కోని నా దగ్గర కీబోర్డు నేర్చుకునేటప్పటి సంది నేను కెర్నెల్‌లు కడ్తున్న. నాకు కనవడలేదని ఎవరు చెప్పిన్రు నీకు? కనవడ్డది. ఫైల్ చూడంగనే కనవడ్డది. ఇనిట్-ఆర్డీ లైను లేదు. మొదటి చూపులనే."

అన్నంక గాని ఏమన్ననో నాకు తెల్వలే.

ఆమె నా మొకం చూసుకుంట అట్లనే కూసున్నది. నేను నవ్వుతున్ననేమో, పరాచకమేమో అన్నట్టు చూసింది మొదలు.

"కనవడ్డదా సార్?"

నేను బల్ల దిక్కు చూసిన.

"కనవడ్డంకనే మంచిగున్నదన్నరా?"

నేను మానిటర్ బంద్ చేసిన.

"ఫోన్ జేసినప్పుడు గూడ మీకు ఎరికేనా?"

నేను ఊ అన్న. అన్ననో లేదో, ఆమెకైతే అర్థమైంది.

"నేనేం జేసిన సార్ మీకు?"

దీనికి జవాబు చెప్పొచ్చు. ఏం చెయ్యలే నువ్వు, నాకంటే బాగ చేసినవ్, గంతే. గా మాట నా నోటికి రాలే. ఆమె డబ్బ మూత పెట్టింది. అన్నం ముట్టనే లే. లేచి పోయింది. తలుపు గూడ మెల్లగనే మూసింది.

4 మే

చేసిన తప్పుకు బాధపడి ఒప్పుకుంటే అదొక తీరు. నేను అట్ల ఒప్పుకోలే. నాకు పని రాదని ఆమె అనుకుంటే ఓర్వలేక ఒప్పుకున్న.

కుళ్లుతోనే చేసిన. కుళ్లుతోనే చెప్పిన.

6 మే, సోమవారం

బుల్లిబాబు సార్ దగ్గరికి పోయిన. నిలవడే చెప్పిన. "సార్, గా శనివారం గుల్నాజ్ నాకు చూపెట్టింది. లైను లేదని నాకు కనబడ్డది. నేనే మంచిగున్నదని పంపిన."

సార్ అద్దాల మీంచి చూసిండు. నవ్విండు.

"నీది పెద్ద మనసు పర్వతాలూ. శిష్యురాలు కదా అని నెత్తినేసుకుంటున్నావు."

"లేదు సార్, నిజంగనే."

"ఊరుకోవయ్యా. ఏడేళ్లుగా చూస్తున్నాను నిన్ను. నువ్వట్లాంటోడివి కావు. వెళ్లు, వెళ్లి పని చూసుకో."

బయటికి వచ్చిన. ఆఫీసుల అటెండర్ కుర్మయ్య తలుపు సందుల నుంచి ఇన్నడట. "మీరు దేవుడు సార్" అన్నడు. సాయంత్రానికల్ల కాలేజి మొత్తం పాకింది.

7 మే

రుక్కమ్మకు మొత్తం చెప్పిన. బియ్యం ఏరుకుంట ఇన్నది. చేట పక్కకు పెట్టింది.

"నేను ఇంకోటి అనుకున్న, నీకు గా పిల్ల మీద మనసయిందేమో అని. గదే నయముండె."

నేను గోడకు ఆనుకోని కూసున్న.

"నోటితోని చెప్తే ఆయన ఇనడు. ఆయనకు నువ్వు మంచోనివి కావాలె, గా పిల్ల తప్పు చేసి ఉండాలె. గట్లయితేనే ఆయనకు సుకం. కాయితం మీద రాసియ్యి. సంతకం పెట్టు. కాయితం చూసి నవ్వుతడా, చూద్దాం."

"రాసిస్తే పోస్టు పోతది."

"పోస్టు లేనప్పుడు అన్నం తినలేదా మనం?" మళ్ల చేట దగ్గరికి గుంజుకున్నది. "పాయసం పంపినందుకు విజయమ్మకు ఏం చెప్పాల్నో గది నేను చూసుకుంట."

8 మే, బుధవారం

రాసిచ్చిన. తెలుగుల రాసిన. తారీకులేసిన, గంటలేసిన. ఆదివారం ఫోన్ సంగతి గూడ రాసిన. 'పాత' అని కొట్టాల్నని చెప్పింది ఆమెనే అని, నేను పది నిమిషాలు ఊరికెనే కేబుల్ ఊదుకుంట కూసున్నని గూడ రాసిన. మిగిలినదానికంటే గిదే సిగ్గనిపిచ్చింది.

సార్ చదివిండు. నవ్వలే. మొకం ఎర్రగైంది.

"నా చేత ఆ ఎగ్జామినర్ ముందు నిన్ను పొగిడించావు కదయ్యా."

"అవును సార్."

"ఇది ఫైల్లో పెడితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"పెట్టుండ్రి సార్."

15 మే

గుల్నాజ్ మెమో వాపస్ తీసుకున్నరు. నాకు మెమో ఇచ్చిన్రు, ఈ ఏడు ఇంక్రిమెంటు లేదు. పోస్టు ఇప్పుడు ఎవరికి ఇయ్యరట, వచ్చే ఏడు చూస్తరట. గుల్నాజ్‌ను ఉండమని సార్ అడిగిండు. ఉండనన్నది. తుర్కపల్లిల మందుల ల్యాబుల ఇంటర్వ్యూకు పోయి వచ్చిందట, ఇప్పటికే.

నాతోని మాట్లాడుతలేదు. పని మాటలు మాత్రం మాట్లాడుతది. "సార్" అంటనే ఉన్నది. అది మానేస్తే బాగుండు అనిపిస్తది.

22 మే

కొత్త కెర్నెల్ మళ్ల పెట్టింది. ఒక్కతే పెట్టింది. రీబూట్ చేసింది, లేచింది. మెయిన్ స్విచ్ బంద్ చేసి మళ్ల పెట్టింది, అరనిమిషంల లేచింది. నేను తలుపు కాడ నిలవడి చూసిన. రమ్మనలే. పొమ్మనలే.

మంచిగ చేసింది. మూట నుంచి ఒక్కొక్క డ్రైవర్ పేరు తెర మీద పడుకుంట పోతుంటే చూడబుద్ధయింది.

మంచిగ చేసింది అని రాయంగనే లోపట ఎక్కడనో మళ్ల చిటుక్కుమన్నది. ఇది పోదేమో నాకు.

30 మే

తుర్కపల్లి వాళ్లు తీసుకున్నరు ఆమెను. కంపెనీ క్యాబు షామీర్‌పేట చౌరస్తకే వచ్చి ఎక్కించుకుంటదట. జీతం నా జీతానికి రెండింతలట. కుర్మయ్య చెప్పిండు.

రెండింతలు.

31 మే, శుక్రవారం

ఆఖరి దినం ఆమెకు. అనుభవం సర్టిఫికెట్ తయారు చెయ్యమని సార్ నాకే చెప్పిండు. శిక్ష కొరకే చెప్పిండా, ఊరికెనే చెప్పిండా తెల్వది. ఇంగ్లిష్‌ల కొట్టాలె. నాలుగు లైన్లు. ఫలానా తారీకు నుంచి ఫలానా తారీకు దాక పనిచేసింది, నడవడి బాగున్నది. ఇవి జల్దీనే అయినయి.

నాలుగో లైను కాడ ఆగిన. ఏం పని చేసిందో రాయాలె. 'సర్వర్ పనిల సాయం చేసింది' అని కొట్టిన. చెరిపేసిన. 'సర్వర్ పని చేసింది' అని కొట్టిన. అది గూడ చెరిపేసిన. మూడోసారి ఇంకేదో కొట్టి చెరిపేసిన. డిక్షనరీ తీసిన. చివరికి ఇట్ల వచ్చింది: కాలేజి సర్వర్ బూట్ అయ్యే పద్ధతి మొత్తం ఈమె ఒక్కతే తయారు చేసింది, ఈ పని ఈమె కంటే బాగ తెలిసినోళ్లు మా దగ్గర లేరు.

ఆఖరి ముక్క మీద కర్సర్ పెట్టి చానసేపు కూసున్న. చెరిపేస్తే ఎవరికి తెల్వదు. ప్రింటు కొట్టిన.

సార్ చదవకుంటనే సంతకం పెట్టిండు.

నాలుగింటికి గుల్నాజ్ వచ్చింది. ల్యాబు తాళంచెవులు బల్ల మీద పెట్టింది. సర్టిఫికెట్ చేతికిచ్చిన. నిలవడే చదివింది. ఆఖరి లైను రెండుసార్లు చదివిందనుకుంట, కండ్లు ఎనుకకు మళ్లినయి.

"సార్, మీరు నాకు నేర్పిన్రు. గది మర్సిపోను," అన్నది. "మీరు జేసింది గూడ మర్సిపోను. రెండూ ఉంటయి నా తాన."

"మంచిది," అన్న.

కాయితం మడిచి సంచిల పెట్టుకున్నది. తలుపు దాక పోయి తిరిగింది.

"గీ ఆఖరి లైను మీరు రాసిన్రా?"

"లేదు," అన్న. "ప్రిన్సిపాల్ సార్ రాయించిండు."

తల ఊపి పోయింది. కిటికీల నుంచి చూస్తే మెయిన్ రోడ్డు దాక ఎండల నడుసుకుంటనే పోయింది, బస్సు దొరికిందో లేదో కనబడలే.

ఎందుకు అబద్ధం చెప్పిన్నో తెల్వది. నేనే రాసిన్నని చెప్తే మాఫ్ చెయ్యిమని అడిగినట్టయితుండె. అడిగే మొకం నాకు లేకుండె.